మా గోడకు సిమెంటు పూసిన ఏడాది

రాత్రి బయటి ఊళ్లో ఆగే హాల్ట్ డ్యూటీ మీద ముందు రోజు పోయిన దాన్ని, మరునాడు సాయంత్రం తిరిగి వచ్చేసరికి మా గోడ బూడిద రంగులో నున్నగా ఉంది. నేను బస్సు కండక్టరును. బస్సు దిగిన చోటి నుంచి ఇంటికి ఏటి ఒడ్డు వెంబడి నడిచి రావాలి కాబట్టి, ఇంటికంటే ముందు గోడే కంటబడుతుంది. ఆ వేళ నాకు గోడ కనబడలేదు. బండలు లేవు, బండల మధ్య సందులు లేవు, సందుల్లో మొలిచే గడ్డి లేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే సిమెంటు. ఇంకా తడి ఆరని ఒకచోట మా మేక ముక్కు పెట్టి వాసన చూస్తోంది.

దగ్గరికి పోయి గోడ అడుగున చెయ్యి పెట్టి తడిమాను. నీటి బొక్కల కోసం. గోడ వెనక మట్టిలో చేరిన నీళ్లు బయటికి కారిపోవడానికి మా నాయిన కింద ఒక వరుస, నడుమెత్తున ఇంకో వరుస బొక్కలు వదిలి కట్టాడు. ఒక్కటీ మిగల్లేదు. ప్రతి దాంట్లో సిమెంటు దూర్చి తాపీతో అదిమి చదును చేశారు.

పైకెక్కి వాకిట్లోకి పోయాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది.

"ఎవరు చేసిండ్రే ఇది?" అన్నాను.

"నీ తమ్ముడు పంపిండు. పక్క మేడ సారు మేస్త్రీలంట. రెండు దినాలు చేసిండ్రు. పైసా గూడ అడుగలేదు బిడ్డా," అంది అమ్మ. ఆమె ముఖంలో సంతోషం ఉంది. ఎండాకాలం వచ్చిందంటే కూతురు నడుం విరిగేలా ఆ గోడ దగ్గర వంగి పనిచేయడం చూసిన మనిషి. ఇకమీదట ఆ పని ఉండదని ఎవరో చెప్పారు, నమ్మింది.

చాట పక్కన కూచుని ఆమెతో పాటు బియ్యం ఏరాను. కోపం మాత్రం ఆ రోజే మొదలైంది. ఇప్పటికీ ఆరలేదు.

మా ఇల్లు ఆలంపూర్ దాటినాక, తుంగభద్ర ఒడ్డున. ఒడ్డు అంటే అసలు ఒడ్డు కాదు. కింద కట్టిన డ్యాము నీళ్లు వెనక్కి ఎగదన్ని వచ్చి నిలిచే ఒడ్డు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా పాత ఊరు ఆ నీళ్లలో మునిగిపోయింది. ఊరంతా పైకి, రోడ్డు పక్కకు లేచిపోయి కొత్త ఊరు కట్టుకుంది. మా నాయిన మాత్రం నీళ్లకు ఎదురుగా మిట్ట మీద జాగా చూసుకున్నాడు. ఎండాకాలం నీళ్లు తగ్గితే అక్కడి నుంచి పాత ఊరి మొండిగోడలు కనిపిస్తాయి. అందుకేనని అమ్మ అంటుంది. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

నీళ్లు తగ్గిన రోజుల్లో ఎడ్లబండి కట్టుకుని పాత ఊరికి పోయి, మా పాత ఇంటి బండలు ఒక్కొక్కటే పీకి తెచ్చి, మిట్ట కింద గోడ కట్టాడు. ఒక్క ఎండాకాలంలో అయిన పని కాదు. నీళ్లు వచ్చేదాకా తేవడం, వచ్చాక ఆపడం, మళ్లీ ఏడాది మొదలుపెట్టడం. "మునిగిన ఇంటి రాళ్లు గదా, వీటికి నీళ్లంటే భయం లేదు," అనేవాడు. నవ్వుతూ అనే మాట కాదు అది. పళ్లు కొరుకుతూ అనేవాడు. డ్యాము కట్టినవాళ్ల మీద ఆయన కోపం చివరిదాకా చావలేదు. నాకు ఆయన ముక్కు వచ్చింది, చేతులు వచ్చాయి, ఆ కోపమూ వచ్చింది.

ఆ గోడ ఊరికే నిలబడదు. వానాకాలం నడుమ నీళ్లు ఎక్కి వస్తాయి. అటు ఒడ్డు కనబడనంత వెడల్పు నీళ్లు. గాలి లేస్తే అలలు పొద్దస్తమానం గోడను కొడుతూనే ఉంటాయి. సందుల్లోని చిన్న రాళ్లను ఒక్కొక్కటే పీక్కుపోతాయి. అడుగున మట్టిని తోడేస్తాయి. చలికాలం పోయి నీళ్లు వెనక్కి జరిగాక మా పని మొదలయ్యేది. గోడ కాళ్ల దగ్గర కొట్టుకుపోయిన చోట పెద్ద బండలు దొర్లించి పేర్చాలి. సందుల్లో చిన్న రాళ్లు దిగ్గొట్టాలి. బండల మధ్య మొలిచిన రావి మొక్కల్ని వేరుతో సహా లాగెయ్యాలి, లేకపోతే అవే గోడను చీలుస్తాయి. నీటి బొక్కల్లో ఇనుప చువ్వ దూర్చి మట్టి తియ్యాలి. గోడ వెనక కుంగిన చోట మొరం పోసి కుమ్మాలి.

ఈ పని నాకు నాయిన నేర్పాడు. తమ్ముడికీ నేర్పబోయాడు గానీ వాడికి దాని మీద మనసు లేదు. కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు నాయిన పోయాడు. నా పెళ్లి సంగతి ఇక్కడ అక్కర లేదు, అది నిలవలేదని చెబితే చాలు. అప్పటికే నేను ఇంటికి తిరిగి వచ్చి ఉద్యోగం చేసుకుంటున్నాను. తమ్ముడు పెళ్లి చేసుకుని రోడ్డు పక్క కొత్త ఊరిలో కాపురం పెట్టాడు. ఇంట్లో నేను, అమ్మ, ఆమె మేకలు. వారంలో సెలవు దొరికిన రోజు పొద్దున్నే చీర పైకి దోపి గోడ దగ్గరికి దిగేదాన్ని. బస్సులో నిలబడీ నిలబడీ కాళ్లు వాచిపోయేవి. అయినా ఆ పని నాకు బరువనిపించలేదు. బస్సులో చిల్లర కోసం అరిచే మనుషులకంటే రాయి నయం.

మాకు ఎగువన చెలక ఒకటి ఉండేది. జొన్నలు వేసేవాళ్లు. రాష్ట్రం వచ్చాక నీళ్లు కనబడే జాగాలకు గిరాకీ పెరిగింది. హైదరాబాద్ నుంచి కార్లు వచ్చి ఆగేవి, నల్లద్దాలు పెట్టుకున్నవాళ్లు దిగి నీళ్ల వైపు చేతులు చాపి మాట్లాడుకునేవాళ్లు. ఒక సారు ఆ చెలక కొన్నాడు. జేసీబీలు వచ్చాయి. మిట్టను చెక్కి చదును చేశారు. మేడ లేచింది, పచ్చిక పరిచారు, పడవ తెచ్చి కట్టారు. శని, ఆదివారాలు జనం వస్తారు. ఆలంపూర్ గుళ్లు చూసుకుని వచ్చి అక్కడ బస చేస్తారు.

ఆయనా నీళ్లకు అడ్డంగా గోడ కట్టించాడు. కాంక్రీటు గోడ. కానీ ఒడ్డు వెంబడి కట్టలేదు. పచ్చిక ఇంకొంచెం వెడల్పు కావాలని ఏట్లోకి చొచ్చుకొచ్చేలా కట్టించాడు. ఆ గోడను తన్నుకున్న అల తిరిగి మా గోడ మూలకు వచ్చి కొడుతుంది. అంతకు ముందు ఎండాకాలానికి ఒకటి రెండు బండలు కదిలే మూల, ఆ గోడ లేచిన ఏడు సగం కూలింది. అప్పుడే నేను పోయి అడగాల్సింది. కానీ తమ్ముడికి ఆ సారు వాచ్‌మన్ పని ఇచ్చాడు. ఆరునెలలుగా పని లేక తిరుగుతున్నాడు వాడు. ఆ సారు జీతమే వాడి కంచంలోకి అన్నమై వస్తోంది కదా అని నోరు మూసుకుని ఇంకో తట్ట రాళ్లు ఎక్కువ మోశాను.

సిమెంటు పూసిన మరునాడు పొద్దున్నే తమ్ముడి దగ్గరికి పోయాను. గేటు దగ్గర కుర్చీలో కూచుని ఉన్నాడు, నీలం చొక్కా, నీలం టోపీ. నన్ను చూసి లేచాడు.

"నన్ను అడుగకుండ గోడ ఎట్ల ముట్టుకున్నవ్?" అన్నాను.

"మంచికే గదా అక్కా. నీకు తిప్పలు తప్పుతయని."

"బొక్కలు ఎందుకు మూసినవ్?"

వాడు గోడ వైపు చెయ్యి చూపించాడు. "వాటిల్నుంచి పాచి కారుతాంది. మేడ మీద కూసుంటే అదే కనిపిస్తదంట. వచ్చినోళ్లు అడుగుతున్నరంట, గదేందని. జర సాపు చేయిస్త అన్నడు సారు."

అప్పుడు అర్థమైంది నాకు. మా మీద దయ తలచి చేసిన పని కాదు. ఆయన మేడ మీద కూచుని పడమటి పొద్దు చూస్తుంటే మధ్యలో మా గోడ అడ్డం వస్తోంది. దానికి ముఖం కడిగి పౌడరు రాయించాడు. మా ఇల్లు ఆయన కిటికీలో ఒక మరక, అంతే.

సారు ఆదివారం వస్తాడని తెలిసి డ్యూటీ మార్చుకుని ఇంట్లో ఉన్నాను. పోతే కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. కోపంగా వచ్చిన మనిషిని ఇంత మర్యాదగా కూర్చోబెట్టేవాళ్లంటే నాకు అదొక రకం భయం. నిలబడే మాట్లాడాను.

"సార్, మా గోడల బొక్కలు మూయించిండ్రు. నీళ్లు ఆగి గోడ పడతది. మీ మేస్త్రీలతోనే తెరిపియ్యండి."

"అమ్మా, గోడ ఇప్పుడు గట్టిగైంది. పాత రాళ్ల మధ్యలకెళ్లి నీళ్లు పోతుండె. ఇప్పుడు పోవు. మీరు ఫికర్ చేయకండి."

నీళ్లు పోకపోవడమే కదా నా ఫికర్. అది ఆయనకు చెబుతుండగా నా చూపు ఆయన గోడ మీదికి పోయింది. కాంక్రీటులోంచి తెల్లటి పైపు ముక్కలు బయటికి వచ్చి ఉన్నాయి. ఒక వరుస కాదు, మూడు వరుసలు. పైన పచ్చికకు పెట్టిన నీళ్లు వాటిలోంచి బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

"మరి మీ గోడకు గా పైపులెందుకు సార్?" అన్నాను.

ఆయన కూడా అటు చూశాడు. చాయ్ కప్పు నా వైపు జరిపాడు. "అది ఇంజినీరు డిజైన్ అమ్మా. పెద్ద గోడ గదా. మీది చిన్న గోడ," అన్నాడు.

ఆయనకు తెలుసు. ఇదే నేను ఎన్నటికీ మింగలేని సంగతి. తెలియక చేశాడంటే తిట్టి ఊరుకునేదాన్ని. గోడకు నీళ్లు పోయే దారి ఉండాలని ఆయనకు తెలుసు, ఆయన మేస్త్రీలకు తెలుసు. తన గోడకు లెక్కగా పైపులు పెట్టించుకున్న మనిషి మా గోడకు వచ్చేసరికి తాపీతో బొక్కలు పూడ్పించాడు. ఎందుకంటే మా గోడ పడితే ఆయనకు పోయేది ఏమీ లేదు.

చాయ్ ముట్టుకోకుండా వచ్చేశాను.

ఉలి, సుత్తె తీసుకుని నేనే మొదలుపెట్టాను. నాయిన బొక్కలు ఎక్కడెక్కడ వదిలాడో నాకు చేతికి గుర్తే, కంటికి అక్కర లేదు. కానీ ఆ సిమెంటు ఇనుములా బిగిసింది. ఒక సెలవు రోజంతా కొడితే పై వరుసలో కొన్ని తెరుచుకున్నాయి. కింది వరుసలో మోచేయి లోతు దాకా సిమెంటు దూరి ఉంది. సుత్తె దెబ్బ తప్పి బొటనవేలి గోరు ఊడింది. చప్పుడు వస్తోందని పైనుంచి ఎవరో విజిల్ వేశారు. తల ఎత్తి చూస్తే తమ్ముడు. వాడి పక్కన మేడకు వచ్చినవాళ్లెవరో చాయ్ కప్పులతో నిలబడి ఉన్నారు. "సాయంత్రం కొట్టుకో అక్కా, గెస్టులున్నరు," అన్నాడు గొంతు తగ్గించి. నేను ఇంకా గట్టిగా కొట్టాను.

మండల ఆఫీసుకూ పోయాను. అక్కడ కూచున్నాయన నా మాట అంతా విని, కంప్యూటరులో ఏదో పటం తీసి చూశాడు.

"మీ ఇల్లు నీళ్ల హద్దు లోపలున్నది. కంప్లైంట్ ఇస్తే మొదలు మీకే నోటీసు వస్తది. ఆలోచించుకోండి," అన్నాడు.

"పక్క మేడ?"

"వాళ్లకు కాగితాలున్నయి."

ఊరిని ముంచినప్పుడు మా దగ్గరికే నీళ్లను తెచ్చారు. ఇప్పుడు నీళ్ల దగ్గర మేమున్నామంటున్నారు. ఈ మాట అక్కడ అనాల్సింది. నాకు నోట్లోకి రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూచున్నాక వచ్చింది. ఎవరికి చెప్పాలి? ముందు సీట్లో నిద్రపోతున్న ముసలాయనకా?

ఆ ఏడు వానలు తొందరగా పట్టుకున్నాయి. పైన కర్ణాటకలో ఆనకట్టలు నిండి నీళ్లు వదిలారు. నేను ఇంకా నాలుగైదు బొక్కలు తెరవకముందే నీళ్లు గోడ కాళ్లు తడిపి, కింది వరుస దాటి, నడుం దాకా ఎక్కాయి. ఇక చేసేది లేదు. రోజూ డ్యూటీకి పోయే ముందు వాకిట్లో నిలబడి గోడ అంచు చూసేదాన్ని. ఒకచోట సిమెంటు మీద వెంట్రుకలాంటి చీలిక కనబడింది. వారానికి అది వేలు దూరేంత అయింది. గోడ నడిమిట్లో చూలింత కడుపులా ముందుకు వచ్చింది. మేకల కొట్టం గోడ పై అంచుకు ఆనుకుని ఉంది. వాటిని తీసి ఇంటి ముందు కట్టమని అమ్మకు చెప్పాను. రోజంతా వానలో అవి ఎట్లా ఉంటాయంది. తడికెలు కొని తెచ్చి ఇంటి ముందు పందిరి వేస్తానన్నాను. వచ్చే సెలవుకు వెయ్యాలనుకున్నాను.

నీళ్లు ఎక్కేటప్పుడు గోడ పడదు, దిగేటప్పుడు పడుతుందని నాయిన అనేవాడు. ఎక్కినప్పుడు ముందున్న నీళ్లే గోడను వెనక్కి నెట్టి పట్టుకుంటాయి. అవి దిగిపోతే వెనక మట్టిలో చిక్కిన నీళ్లు ముందుకు తోస్తాయి. బొక్కలు ఉంటే కారిపోతాయి. లేకపోతే గోడతో సహా పోతాయి. కింద డ్యాము గేట్లు ఎత్తారు. చూస్తుండగానే నీళ్లు గోడ మీద తడి గీత వదిలి కిందికి జరిగాయి.

ఆ రోజు నాకు సెలవు. పందిరికి గుంజలు పాతుతున్నాను. అన్నాలు తినే వేళ దాటింది. అమ్మ చూడి మేకకు ఆకు వేయడానికి కొట్టంలోకి పోయింది. చాటలోంచి కందులు జారినట్టు ముందు చిన్న రాళ్లు రాలిన చప్పుడు వినబడింది. తల తిప్పి చూసేసరికి వాకిలి అంచు నెమ్మదిగా వంగుతోంది. తొందర ఏమీ లేదు దానికి. సిమెంటు పలక ఒక్క ముక్కగా ముందుకు ఒరిగి, నడుమకు విరిగి, నీళ్లలో పడింది. దాని వెనక బురద, మొరం, మా నాయిన మోసిన బండలు, కొట్టం, కొట్టంలో మా అమ్మ.

గడ్డపార పారేసి పరుగెత్తాను. అమ్మ నడుం దాకా బురదలో కూరుకుపోయి ఉంది. ఒక చెయ్యి కొట్టం దూలం కింద ఉంది. అరవడం లేదు. "మేకను ఇప్పు, మేకను ఇప్పు," అంటోంది. మేక ఎక్కడా లేదు. దాని తాడు మాత్రం బురదలోకి దిగిపోయి ఉంది. ముందు దూలం లేపాను. చేతులతో బురద తోడాను. నా పిలుపు విని తమ్ముడు మేడ గోడ దూకి వచ్చాడు. ఇద్దరం కలిసి ఆమెను పైకి లాగాము. ఆ పనిలో వాడూ నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాట్లాడి ఉంటే ఏమని ఉండేదాన్నో నాకు తెలియదు.

అమ్మ చెయ్యి మోచేతి కింద విరిగింది. కర్నూలు దవాఖానకు తీసుకుపోయి కట్టు కట్టించాము. రెండో రోజు సారు దవాఖానకే వచ్చాడు. చేతిలో పండ్ల సంచి, వెనక తమ్ముడు.

మంచం పక్కన నిలబడి, ఎట్లున్నదని అడిగి, పాత గోడలకు ఇదే ఇబ్బంది అన్నాడు. నేను ఓర్చుకున్నాను. తర్వాత అన్నాడు: "ఎట్లాగూ గోడ పోయింది గదమ్మా. రేపు ఇల్లు గూడ జారుతది. ఆ జాగా నాకియ్యండి. పైన రోడ్డు పక్కన మంచి ప్లాటు చూపిస్త, ఇల్లు గూడ లేపిస్త."

నేను నోరు తెరిచేలోపు అమ్మ మాట్లాడింది. సిమెంటు పూసిన రోజు సంతోషపడిన మా అమ్మ. "సారూ, మమ్ముల ఒక్కసారి లేపిండ్రు ఊర్లకెళ్లి. మళ్ల లెవ్వం," అంది. గొంతు పెంచలేదు. అని గోడ వైపుకు తిరిగి పడుకుంది.

నేను పండ్ల సంచి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన తీసుకున్నాడు. వాడు, నా తమ్ముడు, ఆయన వెనకే మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఒక్కడే ఎక్కి వచ్చాడు.

"నేను మంచికే అనుకున్న అక్కా," అన్నాడు.

"నీ మంచి అమ్మ చెయ్యి విరిచింది," అన్నాను. "పో, నీ సారు కార్ల కూసున్నడు."

పోయాడు. ఆ చలికాలమంతా వాడితో నేను మాట్లాడలేదు. అమ్మను చూడటానికి నేను డ్యూటీలో ఉన్న వేళ వచ్చి పోయేవాడు. కోపం ఎవరి మీద ఎక్కువని నన్ను అడిగితే చెప్పలేను. సారు పరాయివాడు. పరాయివాడు చేసేది చేశాడు. వీడు ఆ గోడ మీద ఆడుకుని పెరిగినవాడు.

ఆ నెలల్లో ఇల్లు జారకుండా సిమెంటు సంచుల్లో ఇసుక నింపి తెగిన అంచు మీద పేర్చాను. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు డబ్బులు తీసేసిన తర్వాత మా బస్సుల్లో కాలు పెట్టే జాగా ఉండటం లేదు. ఒంటి కాలి మీద నిలబడి ఆధార్ కార్డులు చూసి, మిషను నొక్కి, రాత్రికి వచ్చి పడుకుంటే వెన్ను నిలువునా మండేది. వాన పడిన రోజు నిద్ర పట్టేది కాదు. మేడ మీద వాళ్ల దీపాలు మాత్రం నీళ్లలో మెరుస్తూ అందంగా ఉండేవి. ఆ అందం చూసి నాకు ఒళ్లు మండేది.

ఎండలు వచ్చి నీళ్లు తగ్గాయి. గోడ కట్టాలంటే ముందు శిథిలం తియ్యాలి. మా బండలు సిమెంటుకు అంటుకుని పెంకుల్లా పడి ఉన్నాయి. ఒక్కొక్క దాన్ని సుత్తెతో కొట్టి వేరు చేశాను. కొన్ని బండలు పగిలాయి. పాత ఇంటి గడప బండ కూడా పగిలింది. ఒక మేస్త్రీని, ఇద్దరు కూలీలను పెట్టుకున్నాను. మిగతాది నేను. అంచు వెనక్కి పోయింది కాబట్టి కొత్త గోడను వాకిట్లోకి జరిపి కట్టాలి. వాకిలి సగానికి సగం చిన్నదైంది.

పగిలిన సిమెంటు ముక్కలన్నీ ఒడ్డున కుప్ప పోశాను. ఒక ఆదివారం పని చేస్తుంటే పై నుంచి సారు గొంతు వినబడింది. గోడ అంచున నలుగురైదుగురు చుట్టాలతో నిలబడి ఉన్నాడు. తమ్ముడు కుర్చీలు మోస్తున్నాడు.

"మీ అక్కకు చెప్పు, ఆ చెత్త అక్కడి నుంచి తియ్యమని. పడవల పోతుంటే మంచిగ కనిపిస్తలేదు," అన్నాడు సారు.

నేను సుత్తె దించి చూస్తున్నాను. తమ్ముడు కుర్చీ కింద పెట్టాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సార్, ఒక్క మాట అడుగుత. మీ గోడకు పైపులెందుకు పెట్టుకున్నరు?"

"ఏంది?"

"మీ గోడకు నీళ్లు పోవాల్నని పైపులు పెట్టుకున్నరు. మా గోడకు ఉన్న బొక్కలు నాతోని మూయించిండ్రు. ఎందుకని అడుగుతున్న."

చుట్టాల్లో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. సారు వాళ్ల వైపు చూసి, వాడి వైపు చూసి, "రేపటి నుంచి రాకు," అన్నాడు.

"ఇయ్యాల్టి నుంచే రాను సార్," అన్నాడు తమ్ముడు. టోపీని కుర్చీలో పెట్టి, గేటు చుట్టూ తిరిగి, ఒడ్డు దిగి వచ్చాడు. తట్ట అందించాను. ఆ రోజు చీకటి పడేదాకా మోశాడు. వాడు మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది. అమ్మ చెయ్యి సరిగ్గా అతకలేదు, ఇప్పటికీ నీళ్ల బిందె ఎత్తలేదు. అది గుర్తొస్తే వాడు అడిగాడన్న సంతోషం కూడా సగమే నిలుస్తుంది. వాడికీ ఆ సంగతి తెలుసు. ఇప్పుడు చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. పెళ్లాం పిల్లలు ఇక్కడే. నెలకు ఒకటి రెండు సార్లు వస్తాడు. వచ్చినప్పుడు ముందు గోడ చూసి, తర్వాత ఇంట్లోకి వస్తాడు.

కొత్త గోడ రెండు వానాకాలాలు దాటింది. నీళ్లు దిగినప్పుడు బొక్కల్లోంచి ఎర్రగా కారుతాయి, పాచి పడుతుంది, చూడటానికి బాగుండదు. మేడ వాళ్ల గోడ ఏట్లోకి చొచ్చుకుని అట్లాగే ఉంది. దానికి ఏ నోటీసూ రాలేదు. దాన్ని తన్నిన అల ఇప్పటికీ మా మూలకే వచ్చి కొడుతుంది. ఆయన పచ్చిక వెడల్పు కోసం ప్రతి ఎండాకాలం ఆ మూలకు నేను బండలు మొయ్యాలి. ఎవరికైనా ఇది న్యాయంగా తోస్తే వచ్చి నాకు చెప్పమనండి.

మొన్న ఎండల్లో నేనూ తమ్ముడూ ఆ మూలన పెద్ద బండ ఒకటి గడ్డపారతో జరుపుతున్నాం. మేడలో బసకు దిగినాయన ఎవరో అంచుకు వచ్చి ఫోన్ పట్టుకున్నాడు.

"అక్కా, రాళ్ల గోడ మంచిగున్నది. ఒక ఫోటో తీసుకుంట," అన్నాడు.

"దిగొచ్చి ఒక చెయ్యి పట్టు. తర్వాత తీసుకుందువు," అన్నాను.

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు. తమ్ముడు గడ్డపార మీద బరువు వేశాడు, నేను భుజం పెట్టాను, బండ కదిలింది.